కలుపుమందు వాదములోని లొసుగులు

(మన సంఘపు మాసాంత సభలో చేసిన ప్రసంగ పాఠము)



గత మాసపు సభలో మన యువకు లొకరు చేసిన ప్రతిపాదన మీ యందరికిని జ్ఞాపక ముండును. ఈ ఖరీఫునకు సంఘసభ్యు లందరును కలిసి గ్లైఫోసేట్ అను కలుపుమందును టోకున కొనవలె ననియు, ఆ మందును తట్టుకొను పత్తి విత్తనమును గూడ తెప్పించుకొనవలె ననియు, కలుపు కూలీలను పిలుచుట క్రమముగా మానుకొనవలె ననియు వారు చెప్పిరి. సరుకు మా అంగడి ద్వారా వచ్చిన చవుకగా నుండునని గూడ సూచించిరి. నేడు దానిపై తీర్మానము కావలసి యున్నది.

మేము ఇరువది ఏండ్లుగా ఎరువులు, విత్తనములు, మందులు అమ్ముకొని బ్రదుకుచున్న వారము. ఈ తీర్మానము నెగ్గినచో మొట్టమొదట లాభపడువారము మేమే. మేము చదివినది మెట్రిక్ వరకే. ఆ యువకుడు వ్యవసాయశాస్త్రమున పట్టభద్రుడు. అయినను ఈ వాదమును మేము ఒప్పుకొనలేకున్నాము. ఎందుకు ఒప్పుకొనలేమో చెప్పుటకే నేడు నిలిచినాము.

ఎదుటివారి వాదమును దాని పూర్తిబలముతో చెప్పకుండ ఖండించుట న్యాయము గాదు. కనుక ముందు దానినే చెప్పెదము. కాలువ క్రింద నాట్లు ప్రారంభమైన వారముననే మెట్టచేలలో పత్తికి కలుపు వచ్చును. కూలి స్త్రీలు నాట్లకు పోవుదురు, పత్తిచేను చూచువారుండరు. పత్తికి తొలి అరువది దినములు కలుపుపోటు తగులరాదు; ఆ గడువు దాటిన పిమ్మట తీసిన కలుపు తీసినట్లే గాని పంటకు మేలు తక్కువ. ఇదంతయు నిజము. ఇక లెక్క: రెండు కలుపులకు ఎకరమునకు ఇరువది మంది కూలీలు, తలకు 300 రూపాయల చొప్పున 6,000 రూపాయలు, మందైనచో కొట్టు కూలితో గూడ 1,000 రూపాయలు దాటదని వారనిరి. కలుపు వలన మూడవవంతు పంట పోవును గనుక, మందు కొట్టినచో ఆ మూడవవంతు మిగులునని అనిరి. ఆ మందు ఉప్పుకంటెను నిరపాయకరమని అనిరి. అమెరికా రైతులు ఇట్లే చేసి కూలీల బాధ వదలించుకొనిరని అనిరి. ఈ మాటలలో సగము మా అంగడి గల్లాపెట్టె ముందు మేమే పలుమార్లు చెప్పినవి. కనుక నేడు మేము తప్పు పట్టుచున్నది ఆ యువకుని కంటె మమ్ముల నెక్కువగా.

మూడవవంతు మాటతో మొదలిడుదము. కలుపు వలన నష్టమెంతో తెలిసికొనుటకు పరిశోధనా క్షేత్రములలో చేయు పని యిది. ఒక మడిలో పంటకాలమంతయు ఒక్క కలుపుమొక్కయు లేకుండ చూతురు. ప్రక్క మడిలో కలుపును ముట్టుకొనరు. రెండింటి దిగుబడికిని గల తేడాయే కలుపుచేటు. జబల్‌పూరులోని కలుపు పరిశోధనా సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించిన అంచనా ప్రకారము మన దేశమున పది ముఖ్యమైన పంటలలో కలుపు వలన కలుగు నష్టము ఏటికి సుమారు 1,100 కోట్ల డాలర్లు. సంఖ్య పెద్దదే. కాని అది కలుపు ఎంత చెడ్డదో చెప్పును గాని మందు ఎంత మంచిదో చెప్పదు. మనలో ఎవరు పత్తిచేనికి కలుపు తీయకుండ వదలివేసిరి? పోల్చవలసినది మందు కొట్టిన చేనిని, అదనున గుంటక తోలి కలుపు తీసిన చేనితో. ఏమియు చేయని చేనితో పోల్చి మందును మెచ్చుకొనుట, పస్తున్న వానిని ప్రక్కన నిలువబెట్టి మా హోటలు భోజనము బలకరమని చెప్పుట వంటిది.

ఇప్పుడు గుంటక మాట వచ్చినది గనుక చెప్పెదము. ఆ లెక్కలో మాకు కనబడిన అసలు లొసుగు గుంటక లేకపోవుటయే. చేతితో తీయుట, మందు కొట్టుట, ఈ రెండే దారులున్నట్లు వారు మన ముందుంచిరి. ఇరువది మంది కూలీలతో పత్తిచేనిలో కలుపంతయు తీయించు రైతు మన క్యాంపులలో ఎవడును లేడు. సాళ్ల నడుమ కలుపు గుంటకది, దంతిది. మొదళ్లయొద్దిది మాత్రమే చేతిది. అచ్చు తోలి, చదరముగా విత్తినచో గుంటక నిలువునను నడచును, అడ్డముగను నడచును. అప్పుడు చేతికి మిగులునది మొక్క చుట్టును గల జానెడు నేలయే. ఎద్దులు తగ్గినవన్న మాట వాస్తవము. కాని బాడుగ యెద్దులో, చిన్న ట్రాక్టరో దొరకని ఊరు ఇక్కడ అరుదు. పైగా నల్లరేగడిలో గుంటక పని కలుపుతో ముగియదు. నేల నెరియలు విచ్చకుండ పైపొరను గుల్లచేసి, లోపలి తేమను పట్టి యుంచును. ఆ లాభమును ఏ సీసా లెక్కలోను వేయలేము.

మందు వైపు లెక్కయు పూర్తి కాలేదు. గ్లైఫోసేట్ పచ్చని ఆకు దేనిపై పడినను దానిని చంపును; పత్తి యని, గరిక యని భేదము చూడదు. కనుక సాధారణ పత్తిలో దానిని సాళ్ల నడుమ, గొట్టమునకు డిప్ప తగిలించి, నేలకు వంచి కొట్టుదురు. మొదళ్ల కలుపు అట్లే నిలుచును. దానికి మరల కూలీలే రావలెను. అనగా 1,000 రూపాయలతో పోల్చవలసినది 6,000 కాదు. గుంటక బాడుగను, ఒక చేతికలుపు కూలిని కలిపి, రెండు వైపులను ఉమ్మడిగా నున్న మొదళ్ల కలుపును కొట్టివేసిన తరువాత మిగిలినది. మేము నాలుగైదు కుటుంబముల ఖాతాలు వారి యెదుటనే వేసి చూచితిమి. మందువైపు కొంత మిగులే కనబడినది, దానిని దాచము. కాని ఆరింట ఐదు పాళ్లు మిగులునన్న మాట ఎక్కడను నిలువలేదు.

ఇందుకే ఆ యువకుడు మందును తట్టుకొను విత్తనమును గూడ అడిగినది. ఆ విత్తనమైనచో పైనుండియే కొట్టవచ్చును, మొదళ్ల కలుపు గూడ చచ్చును, గుంటక అక్కరలేదు. వాదము ఇక్కడ బాగుగ అతికినట్లు కనబడును. కాని ఆ విత్తనము ప్రభుత్వపు అనుమతి పొందినది కాదు. మహారాష్ట్రము, ఆంధ్రప్రదేశము, తెలంగాణము మొదలైన చోట్ల 2017 నాటికే అది దొంగచాటుగా సాగగుచున్నట్లు బయటపడినది. సంచిపై కంపెనీ పేరు లేదు, రసీదు లేదు. మొలకెత్తకున్నను, కాయ పట్టకున్నను అడుగుటకు మనిషి లేడు. పరాయి రాష్ట్రమున సంఖ్యాస్వల్పులమై యుండి, సంఘముపేరుతో అట్టి సరుకు తెప్పించి, రేపు ఏ అధికారియో వచ్చి అడిగినప్పుడు ఏమి సమాధానము చెప్పగలము?

సీసాపై నున్న కాగితమును గూర్చియు ఒక మాట. ఈ మందునకు మన దేశమున నమోదైన వాడుక తేయాకు తోటలకును, పంటలేని నేలలకును మాత్రమే. కాగితముపై పత్తి పేరు లేదు. 2022 అక్టోబరు 21న కేంద్రప్రభుత్వము, ఈ మందును చీడల నివారణకు అనుమతి పొందిన పనివారు తప్ప ఇతరులు వాడరాదని ఉత్తర్వు గూడ జారీ చేసినది. గట్లమీది తుంగకు, గరికకు ఇది బాగుగ పనిచేయునన్న మాట నిజము. ఆకుపై పడిన మందు వేరువరకు దిగును గనుక. (ఒక మాట: బురదగా నున్న కాలువనీటిలో కలిపినచో మందు మట్టికి అంటుకొని పనిచేయకపోవును. ఆ సంగతి తెలియక సరుకు కల్తీయని మా మీదికి దెబ్బలాటకు వచ్చినవారు ఈ సభలోనే ముగ్గురున్నారు. పేర్లు చెప్పము.)

ఇక ఉప్పు మాట. ఇది వినుటకు ముచ్చటగా నుండును గనుకనే ఎక్కువ ప్రమాదకరము. దీనికి ఆధారమిది: ఎలుకలకు ఒక పదార్థము తినిపించి, అందులో సగము చచ్చుటకు కిలో బరువునకు ఎంత మోతాదు కావలెనో కొలుతురు. ఉప్పునకు సుమారు 3 గ్రాములు. గ్లైఫోసేట్‌కు 5 గ్రాములు, అంతకు మించియు. కావున ఉప్పే ఎక్కువ విషమని తేల్చిరి. లెక్క తప్పు కాదు. దానినుండి తీసిన ఫలితము తప్పు. ఆ కొలత ఒక్కసారి మ్రింగినప్పటి చావును గూర్చినది. ప్రతి సంవత్సరము వీపున డబ్బా మోసి, చెమటతో తడిసిన చొక్కాపై తుంపరలు పడుచుండగా పనిచేయు మనుష్యుని గూర్చి అది ఏమియు చెప్పదు. రెండవది, కొలిచినది శుద్ధమైన పదార్థమును. మన సీసాలో ఉన్నది దానితోబాటు ఆకుకు అంటుకొనుటకై కలిపిన సబ్బువంటి ద్రవ్యములు. వాటి చురుకు కంటికి, చర్మమునకు వేరు. న్యూయార్కు రాష్ట్రపు అటార్నీ జనరలు ఆక్షేపించిన మీదట, ఆ మందును తయారు చేసిన మాన్‌సాంటో కంపెనీ ఉప్పుతో పోల్చు ప్రకటనలను అక్కడ మానుకొనుటకు 1996లోనే ఒప్పుకొన్నది. వారక్కడ మానిన మాటను మనము ఇక్కడ ఇంకను వల్లించుచున్నాము.

సీసాపై నుండు రంగు త్రికోణము గూడ ఈ కొలతనే చూపును. ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ అన్నవి మ్రింగినచో ఎంతలో ప్రాణము పోవునో చెప్పు మెట్లు. ఆకుపచ్చ యున్నంత మాత్రమున ఒంటికి రాచుకొనవచ్చునని గాని, ప్రక్క చేనికి హాని లేదని గాని అర్థము గాదు. మా అంగడికి వచ్చువారిలో అనేకులు అట్లే అర్థము చేసికొనుచున్నారు.

అయితే ఎదుటి వైపునకు గూడ న్యాయము చేయవలెను. ఈ మందు తప్పక క్యాన్సరు తెచ్చునని చెప్పువారున్నారు. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ దీనిని మనుష్యులకు బహుశః క్యాన్సరు కలిగించు పదార్థముల వరుసలో చేర్చినది. ఆ వరుస హాని చేయగల గుణమున్నదా అన్నదానిని చెప్పును గాని, ఎంత మోతాదుకు ఎంత హాని యన్నదానిని చెప్పదు. అమెరికా ప్రభుత్వపు పర్యావరణ సంస్థ ఆ నిర్ణయముతో ఏకీభవింపలేదు. ఐరోపా సమాఖ్య 2023లో మరి పదేండ్లకు అనుమతిని పొడిగించినది. కావున తగవు తేలినదని ఏ పక్షము వారు చెప్పినను నమ్మవలదు. తేలనంతవరకు ఒంటిపై పడకుండ చూచుకొనవలె నన్నంతవరకే మేము చెప్పగలము.

అమెరికా దృష్టాంతమును ఆ యువకుడు సగములో నిలిపివేసెను. అక్కడ మందును తట్టుకొను సోయాచిక్కుడు 1996లోను, పత్తి 1997లోను చేలకు వచ్చినవి. తొలి యేండ్లలో ఆయన చెప్పినట్లే జరిగినది. తరువాత జార్జియా రాష్ట్రపు పత్తిచేలలో ఒక తోటకూర జాతి కలుపు ఆ మందునకు చావకుండ నిలిచినట్లు 2005 ప్రాంతమున నిర్ధారణ యైనది. అది మన చిలుకతోటకూరకు దాయాదియే. ఒక్క మొక్క లక్షలకొలది గింజలు రాల్చును. లక్షలలో ఒకటి మందునకు తట్టుకొనునది పుట్టినచో, మిగిలినవి చచ్చుట దానికి చోటు ఇచ్చుటయే యగును. ఏటేట ఒకే మందు, ఒకే చేను. దానిది తప్ప మరొక దాని సంతానము లేదు. చివరకు ఆ రైతులు మరల దున్నకము పెంచిరి, పాత మందులను తిరిగి తెచ్చుకొనిరి, కూలీలను పెట్టి చేతితో ఆ మొక్కలను పీకించిరి. కూలీల బాధ వదలినదన్న దేశముననే ఈ పని జరిగినది.

మన దేశమున గూడ ఇది జరిగినదే. హర్యానా గోధుమచేలలో గుల్లీదండా అను గడ్డికి ఐసోప్రోటురాన్ అను ఒకే మందును ఏండ్ల తరబడి కొట్టగా, 1990 తరువాతి తొలి సంవత్సరములలో అది ఆ మందునకు లొంగకుండ పోయినది. గోధుమ మొక్కవలెనే కనబడు గడ్డి యది. చేతితో ఏరుటయు కష్టము. కొందరు పైరును పశువులకు కోసి వేసిరి.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకొనవలసి యున్నది. కొన్ని యేండ్ల క్రిందట మా అంగడిలో బాడుగకిచ్చు పిచికారీ డబ్బా ఒకటి యుండెను. ఒక రైతు దానిని జొన్నచేనిలో 2,4-డి అను కలుపుమందుకు వాడి తిరిగి యిచ్చెను. మేము నీటితో ఒకసారి తొలిచి, మరునాడు మరొకరికి పత్తిలో పురుగుమందు కొట్టుటకు ఇచ్చితిమి. పది పన్నెండు దినములకు ఆయన ఒక కొమ్మ పట్టుకొని వచ్చెను. కొత్త ఆకులు బెండాకువలె చీలి, వ్రేళ్లవలె సన్నగ సాగి యున్నవి. మేము చూచి, ఇది ఆకుముడత తెగులని చెప్పి, దానికి మరొక మందు అమ్మితిమి. వారము తరువాత ఆయన చేనికి వచ్చిన వ్యవసాయాధికారి కొమ్మను చూడకమునుపే అడిగిన మొదటి ప్రశ్న: "ఈ డబ్బాలో ఇంతకుముందు ఏమి పోసినారు?" పత్తికి 2,4-డి వాసన తగిలినను చాలును, డబ్బా అడుగున మిగిలినది చుక్కయైనను చేటే. ఆ యేడు ఆ చేను సగమునకు రాలేదు. మేము అమ్మిన రెండవ మందు ధరను తిరిగి యిచ్చితిమి. పంట నష్టమును మాత్రము మేము పూర్తిగ తీర్చలేదు. ఆయన అడుగలేదు. ఇప్పుడు ఆయన ఈ సభలో మూడవ వరుసలో కూర్చుండి యున్నారు.

గత సభలో యువకునికి బదులు చెప్పిన మన పెద్దాయన వాదమునందును లొసుగు లేకపోలేదు. "మా తాతలు ఏ మందు కొట్టిరి? వారు పండించలేదా?" అని వారనిరి. 1953 తరువాత తుంగభద్ర నీరు కాలువల కెక్కగా మన తాతలు తుప్పలు కొట్టి ఈ నేలను సాగులోనికి తెచ్చిన మాట నిజమే. కాని వయ్యారిభామ అని మనమును, కాంగ్రెస్ గిడ అని కన్నడ సోదరులును పిలుచు కలుపు మన దేశమున పూనాలో కనబడినదే 1955 ప్రాంతమున. తాతల పద్ధతి తాతల కలుపునకు సరిపోయినది. పైగా తుంగ పట్టి వదలివేసిన చేలు, మల్లె పట్టి గింజ కట్టని జొన్నచేలు ఆనాడును గలవు. పండినవి మాత్రమే మనకు జ్ఞాపకమున్నవి. ఇంకొకటి. ఆనాడు కలుపునకు ఖర్చు లేదని పెద్దాయన అనిరి. మా నాయనమ్మయు, మా మేనత్తలును తెల్లవారుజామున చద్ది మూట కట్టుకొని పోయి, చీకటిపడువరకు వంగి కలుపు తీసెడివారు. మా నాయనమ్మ నడుము చివరి పదేండ్లు నిటారుగ నిలువలేదు. ఆమెకు ఎవరును కూలి యియ్యలేదు గనుక ఖాతాలో ఖర్చు కనబడలేదు.

ముసురు పట్టి నాలుగు దినములు రేగడిలో కాలు పెట్టలేనప్పుడు గుంటకయు నడవదు, కూలియు దిగదు. అట్టి యేడు విత్తిన ఒకటి రెండు దినములలో, తేమ యుండగా, పెండిమిథాలిన్ కొట్టుట వలన తొలి కలుపు అణగును; అది పత్తికి నమోదైన మందే. గడ్డిజాతి కలుపు మాత్రమే యున్నచో క్విజాలోఫాప్ గలదు. మందు వలదని మేము చెప్పుట లేదు. గుంటక, చేయి, మందు అను మూడింటిని ఏ చేనికి ఏది, ఎప్పుడు అని చూచి వాడుట వేరు. ఒక్కదానితో మిగిలిన రెండును పోవునని తీర్మానము చేయుట వేరు. కూలి స్త్రీలను నాలుగేండ్లు పిలువక, ఐదవ యేడు కలుపు మందునకు చావనప్పుడు పిలిచినచో ఎవరు వత్తురు? వారు అప్పటికి బెంగుళూరులో ఇటుకలు మోయుచుందురు.

కావున టోకు కొనుగోలు తీర్మానమును, ఆ విత్తనమును గూర్చిన దానిని మేము వ్యతిరేకించుచున్నాము. దాని స్థానమున మూడు చిన్న సంగతులు సభ ముందుంచుచున్నాము. మన క్యాంపులలో నాట్ల తేదీలను ఇరుగు పొరుగు ముందుగా మాటలాడుకొని, పత్తి కలుపుతో తగులకుండ పదిదినములు ముందు వెనుకలుగా చేసికొనవచ్చును. మన పెద్దలలో తెలుగు మాత్రమే చదువగలవారు గలరు. మందు కాగితములు ఇక్కడికి కన్నడము, హిందీ, ఇంగ్లీషులలో వచ్చుచున్నవి. కన్నడ బడులలో చదువుచున్న మన పిల్లలచేత ఆదివారము నాడు సంఘభవనమున వాటిని చదివించి, తెలుగున వ్రాయించి గోడకు అంటింపవచ్చును. మూడవది మా వంతు. కలుపుమందుకు వేరుగా రెండు డబ్బాలు, ఎర్రరంగు వేయించి, ఈ సోమవారము నుండి అంగడిలో ఉంచుచున్నాము. వాటిని కలుపుమందునకే యిత్తుము. పురుగుమందుకు ఎర్ర డబ్బా అడిగినవారికి ఎంత దగ్గర బంధువైనను ఈయము.

యువకు డిప్పుడు బదులు చెప్పుటకు లేచి నిలిచి యున్నారు. వారి లెక్కలను మా లెక్కల ప్రక్కన పెట్టి చూపవలెనని కోరుచు, ఖాతా పుస్తకమును బల్లపై నుంచి కూర్చుండుచున్నాము.